పి0118 వచ్చిందంటే సెన్సార్ పోయినట్టేనా?

కారుకు ఇంజిన్ మార్పించినంక చెక్ ఇంజిన్ లైటు వెలిగితే మన దిక్కు అందరూ చెప్పే మాట ఒక్కటే: సెన్సార్ పోయింది, కొత్తది ఏయించు. బండి మీద బతికే కుటుంబాలు మన గూడేల్లో, తండాల్లో చాలా ఉన్నయి. వాళ్ల పిల్లలే ఈ గ్రూపులో ఉన్నరు కాబట్టి రాస్తున్నం. పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

మాలో ఒకరి మేనమామ ఉట్నూరు దిక్కు ట్యాక్సీ నడుపుతడు. పాత వ్యాగన్ ఆర్, పసుపు బోర్డు. రేడియేటర్ నీళ్లు కారిపోయి ఇంజిన్ వేడెక్కి పట్టేసింది. కొత్తది కొనే స్తోమత లేదు. హైదరాబాద్‌ల పాత సామాన్ల కొట్టుల అదే రకం ఇంజిన్, వేరే సంవత్సరం బండిది దొరికితే ఇక్కడనే ఒక షెడ్డుల ఎక్కించిండు. బండి స్టార్టయింది గానీ లైటు ఆరలేదు. పొద్దున స్టార్ట్ చేస్తే నల్ల పొగ, పెట్రోలు వాసన, ఫ్యాను ఆగకుండ తిరుగుడు. నాలుగు సెన్సార్లు మార్చాలె, 12 వేలు అయితయి అన్నరు షెడ్డుల. అది మామ నెల కిస్తీ కంటే ఎక్కువ. రెండు కిస్తీలు అప్పటికే ఆగి ఉన్నయి. బండి తెచ్చి కంచన్‌బాగ్‌ల మా గది ముంగట ఆపి, "అల్లుండ్లూ, మీరు చదువుకున్నోళ్లు గదా, జర చూడుండ్రి" అన్నడు.

మేము నలుగురం. ఇద్దరం ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి మిధానీలో అప్రెంటిస్, ఇద్దరం డిప్లొమా. మా గల్లీ నుంచి నడిచిపోయే దూరంలనే 1970లో పెట్టిన బీడీఎల్, 1973లో పెట్టిన మిధానీ గేట్లు ఉంటయి. గోడకు అవతల క్షిపణులు, వాటికి కావలసిన లోహాలు తయారైతయి. ఇవతల రోడ్డు పక్కన మేము ఒక మల్టీమీటరు పట్టుకొని బానెట్ కింద తల పెట్టినం.

మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 తప్పనిసరి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటది. కొన్ని వందల రూపాయల బ్లూటూత్ రీడర్ అండ్ల పెడితే కోడ్లు ఫోన్‌ల కనబడతయి. మామ బండిల రెండు వచ్చినయి: పి0118, పి0113. మొదటిది ఇంజిన్ నీళ్ల వేడి చెప్పే సెన్సార్‌ది, రెండోది లోపలికి పోయే గాలి వేడి చెప్పేదానిది. రెండింటికీ అర్థం ఒకటే, "సర్క్యూట్‌ల వోల్టేజీ ఎక్కువ ఉంది" అని. సెన్సార్ చెడిపోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పదు. సర్క్యూట్ అంటే సెన్సార్, ప్లగ్గు, వైరు, కంప్యూటర్ అన్నీ కలిపి.

లైవ్ రీడింగ్ చూస్తే రెండూ మైనస్ 40 డిగ్రీలు! హైదరాబాద్‌ల. వైరు తెగి కరెంటు పారకపోతే కంప్యూటర్‌కు అంత చలి ఉన్నట్టు కనబడతది. అంత చలి అనుకొని పెట్రోలు ఎక్కువ పోస్తది, నమ్మకం లేక ఫ్యాను తిప్పుతనే ఉంటది. మామ చెప్పిన లక్షణాలన్నీ అండ్లనే ఉన్నయి.

నీళ్ల సెన్సార్ ఇప్పి కొలిచినం. చల్లగున్నప్పుడు రెండు వేల ఓమ్‌ల పైన, కాగే నీళ్లల పెడితే మూడు వందల కిందికి దిగింది. సెన్సార్ నిక్షేపంగ ఉంది. తర్వాత దాని ప్లగ్గు రెండు పిన్నులను చిన్న వైరుతో కలిపినం. వైరింగ్ బాగుంటే రీడింగ్ మైనస్ 40 నుంచి ఒక్కసారి బాగా వేడి దిక్కు దుంకాలె. దుంకలేదు. (ఈ పరీక్ష రెండు వైర్ల వేడి సెన్సార్లకే. మూడు వైర్లదానికి చేస్తే 5 వోల్టుల సప్లై షార్ట్ అయితది, జాగ్రత్త.) ఒక పిన్నుల 5 వోల్టులు వస్తున్నయి. రెండోదాంట్ల ఎర్త్ లేదు.

రెండు కోడ్లు ఒకేసారి వచ్చినయంటే రెండు సెన్సార్లు ఒకే రోజు చచ్చినయా? మాకైతే నమ్మబుద్ధి కాలేదు. రెండింటికీ ఉమ్మడిగ ఏముందో ఎతికినం. ఈ వైరింగ్‌ల రెండు సెన్సార్ల ఎర్త్ వైర్లు ఒక్క చోట కలుస్తయి. పాత బండి ప్లగ్గులు, కొత్త ఇంజిన్ ప్లగ్గులు సరిపోక షెడ్డుల వైర్లు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టిండ్రు. టేపు ఇప్పితే జాయింటు పచ్చగ చిలుము పట్టి ఉంది. శుభ్రం చేసి టంకం పెట్టి, పైన స్లీవు ఎక్కించినం. లైటు ఆరింది. ఖర్చు వంద కూడ కాలేదు.

రెండు రోజులకు మళ్లీ లైటు! ఈసారి పి0171, అంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. మామ ముఖం చూడలేకపోయినం. కానీ ఇది కొత్త రోగం కాదు, ముందటి రోగం చాటున దాగింది. ఇంజిన్ చల్లగ ఉందనుకున్నన్ని రోజులు కంప్యూటర్ ఆక్సిజన్ సెన్సార్ మాట ఇనలేదు, ఇప్పుడు ఇనుడు మొదలుపెట్టింది. పొద్దున స్టార్ట్ చేసి చెవి పెడితే ఎగ్జాస్ట్ దగ్గర టిక్ టిక్ చప్పుడు, వేడెక్కంగనే తగ్గుతది. ఇంజిన్ మార్చినప్పుడు పాత గాస్కెట్టే మళ్లీ పెట్టిండ్రు. ఆ సందుల నుంచి బయటి గాలి గుంజుకుంటది, ఆక్సిజన్ సెన్సార్ ఆ గాలిని చూసి తను చూసిందే చెప్తది. దాన్ని మార్చి లాభం లేదు. గాస్కెట్ మార్పించినం, కోడ్ మళ్లీ రాలేదు.

మామ అదృష్టం, క్రాంక్ చక్రం పండ్ల లెక్క రెండు ఇంజిన్లకూ ఒకటే. అది వేరే ఉంటే కంప్యూటర్ లెక్క తప్పి పి0335 లాంటివి వస్తయి, అప్పుడు వైరు ఎంత ఎతికినా ఫలితం ఉండదు. పాత ఇంజిన్ చక్రమే ఏయాలె. అందుకే పాత ఇంజిన్‌ను తుక్కుకు అమ్మకముందే ఈ సంగతి చూసుకోండి.

ఒక పని మాత్రం మిగిలింది. మారిన ఇంజిన్ నంబర్ ఆర్సీల ఎక్కించుకోవాలె, లేకుంటే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాళ్లు కొర్రీ పెడతరు. మామ బండి తీసుకొని ఉట్నూరు పోయిండు. ఆదిలాబాద్ ఆర్టీఏలో ఈ పని చేయించుకున్నోళ్లు ఎవరన్న ఉంటే ఏ కాయితాలు అడిగిండ్రో కింద రాయండి, మామకు చెప్తం.