కొల్లేటి సీమలో సీబీపీ జోస్యం

ఏలూరు ఆసుపత్రుల ల్యాబులకు ఉదయం పూట చేరే రక్తపు శాంపిళ్లలో ఊళ్లోని రోగులవే కాక, తాడేపల్లిగూడెం వైపు నుంచీ, కైకలూరు, భీమడోలు వంటి కొల్లేటి చుట్టుపక్కల ఊళ్ల నుంచీ వచ్చినవారివీ ఉంటాయి. అలాంటి ల్యాబులో అడుగుపెట్టినవారి కంట మొదట పడేవి ఊదారంగు మూతల చిన్న గొట్టాలు. రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ అనే రసాయనం వాటిలో ముందే ఉంటుంది. టెక్నీషియన్ గొట్టాన్ని కుదపకుండా ఎనిమిది నుంచి పదిసార్లు తలకిందులు చేసి సెల్ కౌంటర్ సూదికి అందిస్తే, తెల్లకణాలు మొత్తం ఎన్ని, ఏ రకం ఎంత అనే లెక్క కాసేపట్లో తెరమీదికి వస్తుంది. జ్వరానికైనా, ఆపరేషన్‌కు ముందైనా డాక్టర్లు రాసే సీబీపీ (కంప్లీట్ బ్లడ్ పిక్చర్) ఇదే.

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉందో లేదో ఈ పరీక్ష తేల్చదు. అది సీటీ స్కాన్, బయాప్సీల పని. వ్యాధి నిర్ధారణ అయ్యాక అది ఎటు నడుస్తుందో అంచనా కట్టడానికి మాత్రం ఇది ఉపకరిస్తుంది. కణితి రేపే వాపు వల్ల న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పెరిగి, కణితిని ఎదిరించే లింఫోసైట్లు అనే మరో రకం తగ్గుతాయి కనుక, రెండోవాటితో పోలిస్తే మొదటివాటి నిష్పత్తి పెరగడం మంచి సూచన కాదు. 2018లో ఫ్రాన్స్‌లోని గుస్తావ్ రూసీ సంస్థ పరిశోధకులు ప్రకటించిన ఎల్‌ఐపీఐ (లంగ్ ఇమ్యూన్ ప్రోగ్నోస్టిక్ ఇండెక్స్) సూచిక రెండే విషయాలు చూస్తుంది: న్యూట్రోఫిల్స్‌ను మిగతా తెల్లకణాల మొత్తంతో భాగిస్తే 3 దాటిందా, కణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలో పెరిగే ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ పరిమితి మించిందా. ఇమ్యూనోథెరపీ పొందిన తొలి బృందంలో ఈ రెండూ లేనివారి మధ్యస్థ జీవితకాలం 34 నెలలు కాగా, ఒకటి ఉన్నవారిది 10 నెలలు, రెండూ ఉన్నవారిది 3 నెలలు.

అయితే ఆ సూత్రాన్ని ఈ సీమ రక్తానికి యథాతథంగా వర్తింపజేయడం కుదరదు. ఇక్కడ కనిపించే ఫైలేరియా, కడుపులో నులిపురుగులు ఉన్నవారిలో ఈసినోఫిల్స్ అనే కణాలు పెరుగుతాయి. అవి కూడా 'మిగతా తెల్లకణాల' కిందికే వస్తాయి. 10,000 తెల్లకణాల్లో 7,400 న్యూట్రోఫిల్స్ అయితే నిష్పత్తి 2.85, అంటే హద్దులోపలే. కానీ మిగిలిన 2,600లో ఈసినోఫిల్సే 800 ఉంటే, వాటిని తీసివేసి లెక్కించినప్పుడు అది 4.1 అవుతుంది. క్షయ, న్యుమోనియా, స్టెరాయిడ్ మందులు ఈ లెక్కను తారుమారు చేయగలవు. దారిలో కుదుపులకు ఎర్రకణాలు చిట్లితే ఎల్‌డీహెచ్ లేనిపోని ఎత్తుకు వెళుతుంది. అందుకే అనుమానం వచ్చిన శాంపిల్‌ను పెథాలజిస్టు గాజుపలక మీద పూసి, లీష్మన్ రంగు వేసి, మైక్రోస్కోపు కింద కణాలను స్వయంగా లెక్కిస్తారు.

పరీక్ష చవకదే అయినా దాని జోస్యం ఒక సమూహానికి సంబంధించినదే తప్ప ఒక మనిషి నుదుటిరాత కాదు. ఇన్ఫెక్షన్ తగ్గాక, స్టెరాయిడ్ల సంగతి అడిగి తెలుసుకున్నాక మళ్లీ చేయించినా నిష్పత్తి ఎక్కువగానే ఉంటే, నొప్పి, ఆయాసం తగ్గించే ఉపశమన వైద్యాన్ని చికిత్సతో పాటే త్వరగా మొదలుపెట్టడానికీ, ఖరీదైన మందుకు పొలం తాకట్టు పెట్టబోయే కుటుంబంతో ముందే దాపరికం లేకుండా మాట్లాడటానికీ వైద్యునికి అది ఆధారమవుతుంది.