పది ఆరా, పదకొండు నాలుగా?

బొమ్మ విమానానికి ఇంజను కొనేటప్పుడు నాలుగు చోట్ల ధరలు వాకబు చేసే మనవాళ్ళు, దాని ముక్కుకు తగిలించే ప్రొపెల్లరు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి ఇవ్వవయ్యా" అనేస్తారు. మా లెక్కలో సగం విమానం ఆ ప్రొపెల్లరే. 1903లో ఎగిరిన రైట్ సోదరులు కూడా దానికోసం నెలల తరబడి వాదించుకున్నారు. అది గిర్రున తిరిగే రెక్కేనని గ్రహించాక, ఎనిమిదిన్నర అడుగుల ప్రొపెల్లర్లు స్ప్రూస్ చెక్కతో తామే చెక్కుకున్నారు.

ప్రొపెల్లరు మీద రెండు అంకెలుంటాయి. 10×6 అంటే ఈ కొస నుంచి ఆ కొసకు పది అంగుళాలు; ఒక్క చుట్టు తిరిగితే, చెక్కలో మర దిగినట్టు, ఆరంగుళాలు ముందుకు పోవాలి. ఈ రెండోదాన్ని పిచ్ అంటారు. మా దగ్గరున్నది 40 సైజు ఇంజను, అంటే ఆరున్నర సి.సి. దానికి అందరూ చెప్పేది 10×6. నిమిషానికి 12,000 చుట్ల మీద, కాగితం లెక్కలో, గంటకు 110 కిలోమీటర్ల వేగం.

"అంకుల్, ఇంకా పెద్దది పెడితే ఇంకా జోరుగా పోతుంది కదా?" అని పిల్లలు అడుగుతారు. పోదు. ఇంజను మీద పడే భారం పిచ్ పెరిగినంత మేరకే పెరుగుతుంది గాని, వ్యాసంతో నాలుగో ఘాతంగా పెరుగుతుంది. 11×6 పెడితే ఆ ఒక్క అంగుళానికే భారం దాదాపు ఒకటిన్నర రెట్లు! ఇంజను రొప్పుతుంది, కాలిపోతుంది. 11×4 పెట్టి చూడండి. భారం 10×6తో ఇంచుమించు సమానం, వేగం మాత్రం అవే చుట్ల మీద 73 కిలోమీటర్లే. లాగే బలం ఎక్కువ, పరుగు తక్కువ.

ఖోర్ ఫక్కాన్‌లో మాకు కావలసింది సరిగ్గా అదే. ఒక పక్క హజర్ కొండలు, మరో పక్క ఒమన్ సింధుశాఖ, మధ్య కాస్తంత నేల. జోరుగా పోయే విమానం మలుపు తిరిగేలోగా కొండనో నీళ్ళనో వెతుక్కుంటుంది. పైగా 40 డిగ్రీల ఎండలో గాలి, 15 డిగ్రీలప్పటి కంటే ఎనిమిది శాతం పలచన. రెక్కకూ ఇంజనుకూ కూడా ఊపిరి తక్కువే. ఎగరేయడానికి అనుమతి సంగతి వేరే. 2022 జనవరిలో దేశమంతటా డ్రోన్లనూ తేలిక ఆటవిమానాలనూ ఆపేశారు; సడలింపులు మెల్లగా వచ్చాయి. ఇప్పటికీ ముందు అధికారులను అడగవలసిందే.

ఒక్క విషయంలో మాత్రం మేము మొండివాళ్ళం. నేల తగిలి అంచు చిట్లిన ప్రొపెల్లరును జిగురు పెట్టి వాడుకుందామనే పొదుపు మనవాళ్ళకు పుట్టుకతో వచ్చింది. పది అంగుళాల ప్రొపెల్లరు కొస 12,000 చుట్ల దగ్గర గంటకు 575 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. అతికిన ముక్క ఊడితే ఎటు పోతుందో, ఎవరి కంటికి తగులుతుందో! అందుకే ఇంజను నడిచేటప్పుడు పిల్లలను దాని పక్కన నిలబడనివ్వం, అందరూ వెనకే. చిట్లినదాన్ని అక్కడికక్కడే రెండుగా విరిచి చెత్తబుట్టలో వేస్తాం, ఎవరూ మళ్ళీ ఏరి దాచకుండా.