చట్టం తూచని బరువు
నా బరువు 140 కిలోలు. కొత్తగూడలో ఒక కంపెనీకి 11 ఏళ్లు రాత్రిళ్లు కూర్చుని పనిచేశాను. చక్కెర వ్యాధి వచ్చింది, మోకాళ్లు అరిగాయి, కొలువు పోయింది. వికలాంగుల పింఛనుకు అర్జీ పెడితే డాక్టరు మోకాలి వంపు కొలిచి 30 శాతం వేశాడు. కావలసింది 40.

2016 నాటి చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. అందులో స్థూలకాయం లేదు. కీలు అరిగితే శాతం కడతారుగాని, దాన్ని అరగదీసిన బరువు లెక్కలోకి రాదు. అది తిండిపోతు తెచ్చుకున్న రోగమట! కుష్ఠును కూడా ఒకప్పుడు పాపఫలమనే అన్నారు. నేడు కుష్ఠు నయమైనవారు ఆ జాబితాలో ఉన్నారు.

తెలంగాణలో 2023లో ఈ పింఛను రూ. 4,016 అయింది. నాకది మందుల ఖర్చు. మళ్లీ అర్జీ పెట్టాను. ఈసారి మోకాళ్లతోపాటు నా పనివేళలు కూడా రాశాను.