ఎత్తుపండ్లు

మా అమ్మవి ఎత్తుపండ్లు. నావీ అవే. బడిలో కులం పేరు పెట్టి పిలవనోళ్లు "పండ్లెత్తుదానా" అని పిలిచేది. రెండూ కలిపి పిలిచినోళ్లూ ఉన్నరు. నాటుకు పోయి ఒడ్డు మీద జారి పడ్డప్పుడు అమ్మ ముందుపన్ను విరిగింది. ఎత్తుపండ్లకు దెబ్బ తొందరగ తగులుతది.

నా బిడ్డకు పన్నెండేండ్లు. పాలపండ్లన్నీ రాలి, జ్ఞానదంతాలు తప్ప 28 పండ్లూ వచ్చినయి. క్లిప్పులు వెయ్యడానికి ఇదే అదనన్నడు డాక్టరు. తీగ మెల్లగ నొక్కుతుంటే పంటికి ఒకపక్క ఎముక కరిగి, ఇంకోపక్క కొత్తది కడతదట. రెండేండ్లు పడుతుంది. విప్పినంక రిటైనరు పెట్టుకోకుంటే పండ్లు మళ్లీ జరుగుతయి.

నలభై వేలు. నా కాంట్రాక్టు కొలువుకు రెండు నెలల జీతం. రసీదులు రాసే ఆమె మా అడ్రసులో అంబేద్కర్ కాలనీ అని చదివి, "అందానికే గదా, మీకెందుకమ్మా ఇంత ఖర్చు?" అన్నది. "మీకు" అంటే ఎవరికో తెలియనిదాన్ని కాను.

మొదటి వాయిదా ఐదు వేలు కట్టిన. రసీదు అడిగి తీసుకున్న.