వేడినీటి బుగ్గల ఊళ్లో... బీమా ఉంటేనే సీటు!

వాసన చూసి ఊరి పేరు చెప్పొచ్చంటే నమ్ముతారా? జర్మనీలోని ఆఖెన్ విషయంలో అది నిజమే. రైల్వేస్టేషన్ నుంచి పావుగంట నడిస్తే ఊరి నడిబొడ్డున తెల్లటి స్తంభాల మంటపం ఒకటి ఎదురవుతుంది. పేరు ఎలీజెన్‌బ్రునెన్. 1827లో పూర్తయిన కట్టడం. అక్కడి కుళాయిల్లోంచి వేడినీళ్లు ధారగా కారుతుంటాయి. వాటితోపాటే గుప్పున కుళ్లిన కోడిగుడ్ల కంపు! గంధకం కలిసిన బుగ్గ నీళ్లు మరి. ఒళ్లునొప్పులు తగ్గుతాయని రోమన్ సైనికులు ఈ నీళ్లలో స్నానాలు చేసేవారట. వాటిమీద ఇష్టంతోనే షార్లమేన్ చక్రవర్తి ఇక్కడ రాజప్రాసాదం కట్టుకున్నాడు. 814లో కన్నుమూశాక ఆయన్ని ఇక్కడే సమాధి చేశారు. ఆ చర్చి 1978లో యునెస్కో ప్రకటించిన మొట్టమొదటి 12 ప్రపంచ వారసత్వ స్థలాల్లో ఒకటి.

ఒకప్పుడు ఆరోగ్యం కోసం వచ్చేవారు. ఇప్పుడు చదువు కోసం వస్తున్నారు. వారిలో హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లిన మన పిల్లలూ ఉన్నారు.

బీమా సొమ్ముతో పునాది

ఇంజినీరింగ్‌కి పేరుమోసిన ఆర్‌డబ్ల్యూటీహెచ్ విశ్వవిద్యాలయం ఉన్నది ఇక్కడే. 1870లో తలుపులు తెరిచింది. దీని పుట్టుక వెనక ఓ తమాషా కథ ఉంది. 1858లో ప్రష్యా యువరాజుకి స్థానిక అగ్నిప్రమాద బీమా కంపెనీ 5 వేల టాలర్లు మంచిపనుల కోసం కానుకగా ఇచ్చింది. దాంతో సాంకేతిక విద్యాలయం పెట్టాలని నిర్ణయించింది యువరాజే! అలా బీమా డబ్బుతో మొదలైన చోట, ఇవాళ ఆరోగ్య బీమా లేనిదే విద్యార్థి పేరు రిజిస్టర్లోకి ఎక్కదు.

ఇది ఈ ఒక్క యూనివర్సిటీ పెట్టిన నిబంధన కాదు, దేశం మొత్తానికీ వర్తించే చట్టం. కార్మికులకు ఆరోగ్య బీమాని తప్పనిసరి చేస్తూ 1883లోనే బిస్మార్క్ చట్టం తెచ్చాడు. 1975లో విద్యార్థుల్నీ అందులో చేర్చారు. మన ఆరోగ్యశ్రీలా ఖర్చంతా ఖజానా భరించదు. ప్రతి ఒక్కరూ నెలనెలా కడతారు. జబ్బు చేసినవాళ్లకి ఆ సొమ్ములోంచి వైద్యం అందుతుంది.

ఒక్క సంతకం... చదువయ్యేదాకా

2023-24 శీతాకాలం సెమిస్టర్లో జర్మనీలో చదివిన భారతీయ విద్యార్థులు 49 వేల పైచిలుకు. విదేశీ విద్యార్థుల్లో మనవాళ్లదే మొదటి స్థానం. చాలా కోర్సులకు ట్యూషన్ ఫీజు లేకపోవడం పెద్ద ఆకర్షణ. అందుకే బ్యాంకు లోను, వీసా, విమానం టిక్కెట్టు అంటూ లెక్కలు వేసుకునే ఇళ్లలో బీమా గురించి ఆలోచన చివర్లో వస్తుంది. చిక్కంతా అక్కడే!

30 ఏళ్లలోపు విద్యార్థులు ప్రభుత్వ పద్ధతిలో నడిచే బీమా సంస్థల్లో రాయితీ చందాకి చేరొచ్చు. 2025లో 23 ఏళ్లు దాటినవారికి ఇది నెలకు సుమారు 145 యూరోలు. యూరో వంద రూపాయలనుకుంటే పద్నాలుగున్నర వేలు! వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్లో వేసే 11,904 యూరోల్లోంచి నెలకు చేతికొచ్చేది 992. అందులో బీమా పోగా అద్దెకీ, తిండికీ మిగిలేది 847.

'ఇంతెందుకు, నెలకు ముప్ఫై నలభై యూరోలకే ప్రైవేటు పాలసీ వస్తుంది కదా' అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. నిజమే, వస్తుంది. అయితే అది తీసుకోవాలంటే ప్రభుత్వ బీమా వద్దని రాసివ్వాలి. మూడు నెలల్లోగా చేసే ఆ సంతకాన్ని చదువు పూర్తయ్యేదాకా వెనక్కి తీసుకోలేరు. చవక పాలసీల్లో చాలావాటికి పాత జబ్బులు పట్టవు. ఆస్తమా, థైరాయిడ్ లాంటివి ఉన్న పిల్లలు నెలకి వంద యూరోలు మిగిలాయనుకుంటే, ఆస్పత్రి బిల్లు రూపంలో అంతకంత చెల్లించాల్సి రావచ్చు. 30 నిండినవాళ్ల దారి వేరు. రాయితీ చందా వారికి దొరకదు కాబట్టి అడ్మిషన్ కంటే ముందే బీమా ఖర్చు ఎంతో కనుక్కోవడం మేలు.

మధ్యలో ఖాళీ ఉంటే?

విద్యార్థి బీమా సెమిస్టర్‌తోపాటే మొదలవుతుంది. అక్టోబరు 1న సెమిస్టర్ అయితే సెప్టెంబరు 10న దిగినవాళ్ల సంగతేంటి? ఆ ఇరవై రోజులకు ఇక్కడినుంచే ట్రావెల్ ఇన్సూరెన్స్ చేయించుకుని వెళ్లాలి. అలాగని అదొక్కటే చూపిస్తే అడ్మిషన్ ఇవ్వరు. ఎంచుకున్న బీమా సంస్థే విశ్వవిద్యాలయానికి కంప్యూటర్ ద్వారా కబురు పంపాలి. దాన్నే 'ఎం10' అంటారు. ప్రైవేటు పాలసీ తీసుకున్నా సరే, మినహాయింపు ఇచ్చామని ఆ కబురు రావాల్సిందే. ఇక చందా ఎగ్గొడితే ఆ సంగతీ యూనివర్సిటీకి చేరుతుంది. బాకీ తీర్చేదాకా తర్వాతి సెమిస్టర్‌కి పేరు నమోదు కాదు.

చేరాక మాత్రం నిశ్చింతే. ఫొటో ఉన్న కార్డు చేతికొస్తుంది. డాక్టర్ దగ్గర అది చూపిస్తే చాలు, ఫీజు అడగరు. మందులకు సాధారణంగా 5 నుంచి 10 యూరోలు, ఆస్పత్రిలో చేరితే రోజుకు 10 యూరోలు మనం కట్టాలి. అదీ ఏడాదికి 28 రోజులవరకే. కళ్లజోడు ఖర్చు మాత్రం చాలావరకు మనదే. అర్ధరాత్రి జ్వరమొస్తే 116117కి, ప్రాణం మీదకొస్తే 112కి ఫోన్ చేయాలి. ఈ రెండు నంబర్లూ పిల్లల ఫోన్లో మొదటిరోజే ఎక్కించాలి.

ఫ్యాక్టరీ కాదు, ఆస్పత్రి!

ఊరి పడమటి అంచున ఆకాశంలోకి లేచిన పైపులు, టవర్లతో ఓ కట్టడం కనిపిస్తుంది. కొత్తవాళ్లు రిఫైనరీ అనుకుంటారు. అది యూనివర్సిటీ ఆస్పత్రి. 1971లో కట్టడం మొదలుపెట్టి 1985లో ప్రారంభించారు. యూరప్‌లోని అతిపెద్ద ఆస్పత్రి భవనాల్లో ఇదొకటి.

అక్కడికి దగ్గర్లోనే, అడవి గుట్టమీద జర్మనీ, నెదర్లాండ్స్, బెల్జియం కలిసేచోట ఓ రాయి ఉంది. ఆదివారాలు విద్యార్థులు నడుచుకుంటూ వెళ్లి మూడు దేశాల్లో మూడడుగులు వేసి ఫొటోలు దిగుతారు. అక్కడ కాలు బెణికినా కంగారు లేదు. ప్రభుత్వ బీమా కార్డు వెనకవైపున ఉండేది యూరప్ ఆరోగ్య కార్డు. అత్యవసరమైతే గుట్టకి అటువైపు డాక్టర్ దగ్గరా చెల్లుతుంది. పిల్లల్ని సాగనంపే ముందు సూట్‌కేసులో పచ్చళ్లు సర్దుతాం కదా... ఆ బీమా కాగితాల్నీ ఓసారి వాళ్లతో కూర్చుని చదివితే సరి!