అమ్మ చేతిలోని లేసు సూది



కుటుంబ ప్రార్థన గురించి మేము సంఘములో ఎన్నో ప్రసంగాలు చేశాము. అయితే మా ఇంటి ప్రార్థనను మేమే పాడుచేసుకున్న సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. దేవుడు మమ్మును ఎలా సరిదిద్దాడో ఈ నెల మీతో పంచుకోవాలని ఆశపడుచున్నాము.

మేము కె.గంగవరంలో సేవ చేయుచున్నాము. 2016లో నాన్నగారు ప్రభువునందు నిద్రించిన తరువాత అమ్మను మా దగ్గరకు తెచ్చుకున్నాము. అమ్మది నరసాపురం పక్కనున్న పల్లె. నరసాపురం రేవులో వశిష్ఠ గోదావరిని, ముక్తేశ్వరం రేవులో గౌతమిని పంటు మీద దాటి, ఒక ట్రంకుపెట్టెతో, ఒక గుడ్డసంచితో కోటిపల్లిలో దిగింది. పెట్టెలో బట్టలు, బైబిలు. సంచిలో తెల్లదారపు ఉండలు, లేసు సూది.

నరసాపురం ప్రాంతానికి లేసు అల్లిక 19వ శతాబ్దములో మిషనరీల ద్వారా వచ్చింది. అప్పటినుండి గోదావరి పాయలకు ఇరువైపులా స్త్రీలు ఇంటి అరుగుల మీద కూర్చుని అల్లిన లేసు విదేశాలకు వెళ్లుచున్నది. అల్లిన చేతికి దక్కేది మాత్రం కొంచెమే. అమ్మ ఎనిమిదో యేట ఆ సూది పట్టింది. పీసుకు ఇంత అని వచ్చిన కూలితోనే మా స్కూలు ఫీజులు కట్టింది. మేము థియాలజీ డిప్లొమా చదివిన రోజుల్లో నెలనెలా అందిన మనియార్డరు కూడ ఆ సూది మొననుండి వచ్చినదే.

మా ఇంట రాత్రి ఏడు గంటలకు ప్రార్థన. అమ్మ గోడకు ఆనుకుని కూర్చునేది. నోటితో కీర్తన, చేతిలో అల్లిక, రెండూ సాగుతూనే ఉండేవి. ఒకరోజు సంఘపెద్ద ఒకరు మా ప్రార్థనలో కూర్చున్నారు. ఆయన చూపు అమ్మ చేతుల మీద పడుట గమనించి మాకు సిగ్గు వేసింది. ఆయన వెళ్లగానే, "అమ్మా, దేవుని సన్నిధిలో ఆ పనేమిటి? అరగంట పక్కన పెట్టలేవా?" అన్నాము. అమ్మ ఏమీ అనలేదు. దారం చుట్టి సంచిలో పెట్టేసింది.

మరునాటినుండి ఉత్తచేతులతో కూర్చున్నది. పాట ఆగిపోయింది. ప్రార్థనలో తూగడం మొదలుపెట్టింది. దానికీ మేము విసుక్కున్నాము. పిల్లల సంగతీ అంతే. మేము వాక్యము చదివి ప్రశ్నలు వేసేవారము. తప్పు చెప్పినవారిని గద్దించేవారము. "ఆమేన్" అనగానే ఇద్దరూ లేచి పారిపోయేవారు. మేము ప్రార్థన అనుకున్నది వారికి పరీక్ష అయింది.

అప్పుడు నాలుగో తరగతి చదువుచున్న మా అబ్బాయి ఒకనాడు, "మామ్మా, పాటలు పాడటం మానేశావేం?" అని అడిగాడు.

"చేతులూరుకుంటే నోరూ ఊరుకుంటది నాన్నా. నాకు రెండూ కలిసే వచ్చినాయి" అన్నది అమ్మ.

అమ్మ బడికి వెళ్లలేదు. కీర్తనలు, అల్లిక రెండూ వాళ్లమ్మ దగ్గర ఒకే అరుగు మీద నేర్చుకుంది. పక్కగదిలో ప్రసంగము రాసుకుంటున్న మాకు ఆ మాట వినబడి కలము ఆగిపోయింది. రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటికి బెసలేలును గూర్చి మేము మూడుసార్లు బోధించియున్నాము. నిర్గమకాండములో దేవుడు తన ఆత్మతో నింపినట్లు చెప్పబడిన ఆ మనిషి యాజకుడు కాడు, ప్రవక్త కాడు, చేతిపనివాడు. ప్రత్యక్ష గుడారము కొరకు స్త్రీలు నూలు వడికి తెచ్చిన సంగతి 35వ అధ్యాయములో ఉన్నది. యొప్పేలో దొర్కా పలికిన మాట ఒక్కటైనా గ్రంథములో లేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు పేతురుకు చూపినది ఆమె కుట్టిన బట్టలను. ఇవన్నీ ప్రసంగపీఠము మీద చెప్పిన మేము, మా ఇంట్లో గోడవార కూర్చున్న దొర్కాను చూడలేకపోయాము. ఆమె చేతిపని అన్నము పెట్టినంతకాలము తిని, పెద్దమనిషి ఎదుట దానికి సిగ్గుపడ్డాము.

తెల్లవారి అమ్మ కాళ్ల దగ్గర కూర్చుని క్షమాపణ అడిగాము. "పెద్దాయన మళ్లీ వస్తేనో?" అన్నది. "రానీ అమ్మా" అని సంచి తెచ్చి ఆమె ఒడిలో పెట్టాము.

ఆ రోజునుండి ప్రార్థన అరుగు మీదకు మారింది. పాటల వేళ, వాక్యము వినే వేళ ఎవరి చేతిపని వారిది. మోకరించినప్పుడు మాత్రము అన్ని చేతులూ ఆగుతాయి. మా భార్య చేటలో బియ్యం ఏరేది. అమ్మాయి మామ్మ పక్కన చేరి సూది పట్టింది. అబ్బాయి కొబ్బరాకుతో బూరలు చుట్టేవాడు. మేము ఈనెలు గీసి చీపురు కట్టడం నేర్చుకున్నాము. మా మొదటి చీపురు వాకిలి సగం ఊడ్చేసరికే విడిపోయింది. "డిప్లొమాలో ఇది చెప్పలేదాండీ?" అని మా భార్య నవ్వింది.

చిత్రమేమిటంటే, మేము ప్రశ్నలు మానిన తరువాత పిల్లలు అడగడం మొదలుపెట్టారు. "ఓడ కట్టేటప్పుడు నోవహు గారి కోడళ్లు ఏ పని చేశారు నాన్నా?" అన్నాడు మావాడు. "తెలియదు నాన్నా" అని చెప్పడం మేము ఆ అరుగు మీదనే నేర్చుకున్నాము. ఆ సంఘపెద్ద మా పద్ధతిని పూర్తిగా ఒప్పుకోలేదు. మేమూ వాదించలేదు. ప్రతి ఇల్లు ఇలాగే చేయాలని చెప్పుట మా ఉద్దేశము కాదు.

2023 వర్షాకాలములో అమ్మ ప్రభువు సన్నిధికి వెళ్లింది. అల్లుతున్న బల్లగుడ్డ సగంలో ఆగింది. మిగతా సగము మా అమ్మాయి ఏడాదిపాటు అల్లింది. మామ్మ అల్లిక బిగువు, మనుమరాలిది వదులు. ఎక్కడ ఒక చేయి ఆగి ఇంకొక చేయి మొదలైందో స్పష్టముగా తెలుస్తుంది. విప్పి సరిచేస్తానని అమ్మాయి అంటే మేమే వద్దన్నాము. లోయి, యునీకేల విశ్వాసము తిమోతికి చేరినది ఇలాగే గదా!

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చినదని విన్నప్పుడు సంతోషించాము. అమ్మ ఉంటే, "పేరు సరేరా అబ్బాయ్, కూలి పెరిగిందా?" అని అడిగేది. ఆ ప్రశ్న మన సంఘాలు కూడ అడగవలసినదే.

ఇప్పుడు మా మందిరములో ప్రభురాత్రి భోజనపు బల్లమీద ఆ గుడ్డనే పరుస్తున్నాము.

ప్రియులారా, ఈ రాత్రి ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఒక్కసారి మీ ఇంటివారి చేతుల వైపు చూడండి. దారము పట్టిన చేయి, పిండి కలిపిన చేయి, కొబ్బరి ఒలిచి కాయలు కాచిన చేయి. దేవుడు వాటిలో ఉంచిన వరము కొరకు, వారు వినేలాగున, పేరుపేరున స్తోత్రము చెల్లించండి. మేము ఆలస్యముగా చెప్పాము. మీరు ఆలస్యము చేయవద్దు.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.