ఉప్పు సరస్సు ఒడ్డున దెయ్యాల మేడ

మా వారికి పాత దెయ్యాల సినిమాల రీళ్లు పోగుచేసే పిచ్చి. అవీ పేరున్నవి కాదు, ఎవరూ ఎరగనివి. ఇంట్లోకి తేవద్దని ఆ డబ్బాలన్నీ గరాజ్‌లో పెట్టించింది నేనే. మాది ఫీనిక్స్, ఎండ సంగతి చెప్పక్కర్లేదు.

స్ప్రింగ్ బ్రేక్‌కి సాల్ట్ లేక్ సిటీ అంటే సరదాగా బయల్దేరాను. సగం దారిలో తెలిసింది, అక్కడా ఓ దెయ్యాల మేడ చూడాలట!

ఊరికి పడమరగా ఇరవై నిమిషాలు పోతే సాల్టెయిర్. 1893లో కట్టిన విహారకేంద్రం 1925లో కాలిపోతే మళ్లీ కట్టారు. అదీ 1958లో మూతపడింది. పాడుబడిన ఆ గుమ్మటాలను కారులో పోతూ సాయంత్రపు వెలుగులో చూసిన హెర్క్ హార్వీకి 'కార్నివాల్ ఆఫ్ సోల్స్' ఆలోచన తట్టింది. కాన్సాస్‌లో స్కూళ్లకీ, కంపెనీలకీ చిన్న చిత్రాలు తీసే ఉద్యోగం ఆయనది. సెలవు పెట్టి, సుమారు 30 వేల డాలర్లతో తీశాడు. 1962లో విడుదలై, ఆడలేదు. పంపిణీదారు కొన్ని నిమిషాలు కోసేసిన ప్రింట్లు వేరు, కొయ్యనివి వేరు. పోగుచేసేవాళ్లు వెతికేది ఆ తేడా కోసమే.

ఆ మేడ కూడా 1970లో కాలిపోయింది. ఇప్పుడున్నది తర్వాత కట్టినది. చుట్టూ ఉప్పు మేట, ఎక్కడో దూరంగా నీళ్లు.

"దెయ్యమేది నాన్నా?" అన్నారు పిల్లలు. ఆయన ఫోన్‌లో సినిమా పెట్టి ఎదురుగా పట్టుకున్నారు. తెర మీద మేడ ఉంది, ఎదురుగా లేదు. ఈ పిచ్చి భయం కోసం కాదని అప్పుడు అర్థమైంది.

"మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఒక్క ప్రింటూ మిగల్లేదు" అన్నారు నెమ్మదిగా.

ఇంటికొచ్చి గరాజ్ తెరిస్తే ఎప్పుడూ వచ్చే వెనిగర్ వాసనే. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి కూడా ఇన్నాళ్లూ పట్టించుకోలేదు. అసిటేట్ ఫిల్మ్ క్షీణిస్తే వచ్చేది అసిటిక్ ఆమ్లం. ఆ ఆమ్లమే క్షయాన్ని ఇంకా తొందరచేస్తుంది. వేడి తగిలితే మరీను. పక్క డబ్బాకీ అంటుకుంటుంది, ఒక ముక్క బూజు పడితే జాడీ అంతా పోయినట్టు.

వాసనొచ్చే మూడు డబ్బాలు విడిగా తీశాను. మిగతావి ఇంట్లో చల్లటి అలమరలోకి చేర్చాను, నా ఆవకాయ జాడీలు కిందికి దిగాయి. ఒక రీలు మాత్రం అప్పటికే వంకర్లు పోయి, ముట్టుకుంటే విరిగేలా ఉంది.

ఆయన నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది.